రెండో ఊఁ

“నేను నొక్కలేదని చెప్పాగా” అంది గువ్వ. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నోట్లో ఆ మాట అరిగిపోయింది.

“నువ్వు నొక్కకపోతే దానంతటదే నొక్కుకుందా?” అన్నాడు తండ్రి.

“నానమ్మ ఫోన్లో బటన్లే సరిగ్గా పనిచెయ్యవు నాన్నా. ఐదు నొక్కితే ఎనిమిది పడుతుంది.”

“చూశావా అక్కా, నొక్కి చూసిందన్నమాట” అని అతను దొంగ దొరికినట్టుగా అక్కగారి వైపు తిరిగాడు.

గువ్వ తల్లి, ఆ ఇంటి కోడలు, కల్పించుకోలేదు. భోజనాల బల్ల మీద తడిగుడ్డ పెట్టి, అప్పటికే శుభ్రంగా ఉన్న చోటునే మళ్ళీ తుడుస్తోంది. ఆ ఇంట్లో ఆమెకి కోపం వచ్చిందనడానికి అదే గుర్తు.

పోయిన వారం ఈ ఇంటి గడప దిగి మనం వచ్చేసేటప్పటికి తగువు ఇంకా ఇంత ముదరలేదు. అప్పటికి జరిగింది ఇదీ. అత్తగారు పోయి ఏడాది దాటింది. ఆవిడ ఫోను నంబరు మాత్రం ఇంటి బిల్లులో మిగతా నంబర్లతో పాటు నడుస్తూనే ఉంది. తీయించెయ్యడానికి ఎవరికీ చెయ్యాడలేదు. ఆ ఫోను మామగారి కుర్చీ పక్కన స్టూలు మీద, ఆయన మందుల డబ్బా పక్కనే ఉంటుంది. దాంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అలాంటి నంబరు మీద కొన్ని నెలలుగా ‘ఇతర సేవలు’ అంటూ బిల్లు పడుతోంది. అది ఫోను కంపెనీ సొంత వసూలు కాదట. ఇంకెవరో బయటి సంస్థవాళ్ళు వీళ్ళ బిల్లులో దూరి తీసుకుంటున్నారు. ఆ సేవ ఏమిటో, ఎవరు కావాలన్నారో బిల్లులో ఒక్క ముక్క లేదు. గువ్వ ఏదో ఆట దింపుకుని ఉంటుందని తండ్రి తీర్మానించేశాడు. కోడలు ఎవరినీ ఏమీ అనకుండా కంపెనీకి ఫిర్యాదు చేసింది. ఆదివారం ఉదయం ఫోను చేసి జవాబు చెబుతామన్నారు.

ఈ ఆదివారానికే ఇంకో పని కూడా కుదిరింది. ఆడపడుచు చేతిలో చిన్న పెట్టెతో మొన్న బుధవారం దిగింది. ఆవిడ ఒక బడిలో ప్రధానోపాధ్యాయురాలు. ఇంట్లో మాట్లాడినా ప్రార్థన వేళ పిల్లలందరికీ చెబుతున్నట్టే ఉంటుంది. తండ్రిని వృద్ధుల సంరక్షణాలయంలో చేర్పించాలని ఆవిడ నిశ్చయం. భార్య పోయిన కొన్నాళ్ళకే మామగారికి మాట ఆగిపోయింది. పెడితే తింటారు, పడుకోబెడితే పడుకుంటారు, మిగతా వేళంతా ఎదురుగా ఉన్న గోడని చూస్తూ కూర్చుంటారు. గొంతులో ఏ దోషమూ లేదని డాక్టర్లు చెప్పారు. మరి మనిషిలోనే మనిషి లేడన్నమాట, అంది ఆడపడుచు. అక్కడ గది మాట్లాడేసింది. భోజనాలయ్యాక బయల్దేరాలి. పెట్టె కూడా సర్ది పడగ్గది గుమ్మం పక్కనే పెట్టారు.

ఈ మాటలన్నీ మామగారి ఎదురుగానే జరిగాయి. ఆయన వింటున్నారనే ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సు కండక్టరు. ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా ఆ రోజు బస్సులో జరిగిందంతా మొదలుపెట్టేవారు. ఎవరు ఎవరి కాలు తొక్కారు, ఏ ముసలావిడ దిగాల్సిన చోటు దాటిపోయి ఆయన్నే తిట్టింది, అంతా కథలాగా. వంటింట్లోంచి అత్తగారు ఊఁ కొట్టేవారు. ఆవిడ ఊఁ ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. ఒక చెవి సరిగ్గా వినపడకపోవడం వల్ల మాట చేరడానికి, అర్థం కావడానికి ఆ క్షణం పట్టేది. పైగా చివర కొంచెం పైకి లేచేది, ప్రశ్న అడిగినట్టు. అందరూ నవ్వడం అయిపోయాక ఆవిడ ఒక్కరే ఊఁ అంటే మళ్ళీ అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ ఊఁ లేటు బస్సు అని కొడుకు వేళాకోళం చేసేవాడు.

మంచం పట్టాక ఆవిడ కోడల్ని దగ్గరికి పిలిచి ఒక్కటే కోరారు. “ఆయన చెబుతుంటే ఊఁ అంటూ ఉండమ్మా. ఊఁ లేకపోతే ఆయనకి మాట సాగదు.”

కోడలు ఆ మాట నిలబెట్టుకోవాలనే చూసింది. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చి కూరలు తరుగుతూ, ఆయన ఏదో మొదలుపెడితే ఊఁ అనేది. కానీ ఆమె ఊఁ సరిగ్గా వేళకే వచ్చేది. ఆయన ఆగేవారు. ఆ ఊఁ తర్వాత ఇంకో ఊఁ రావాలన్నట్టు వంటింటి వైపు చూసేవారు. రాదు. కథ అక్కడే ఆగిపోయేది. అలా ఆగిన కథలన్నీ కలిసి ఒక రోజున మాటే ఆగిపోయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, లేకపోతే ఏడుస్తారు.

కోడలి ఫోను మోగింది.

ఆమె చెయ్యి తుడుచుకుని, ఫోను బల్ల మధ్య పెట్టి, అందరికీ వినపడేట్టు స్పీకరు నొక్కింది. అవతల ఫిర్యాదుల విభాగం ఆవిడ. గట్టిగా జలుబు చేసినట్టుంది, ముక్కుతో మాట్లాడుతోంది. నంబరు చదివి, అది మీదేనా అని అడిగింది. కోడలు మాది అంది. ఇంట్లో పెద్దావిడది, ఇప్పుడు ఆవిడ లేరు అని కూడా అంది. అవతల కీబోర్డు చప్పుడయింది.

అది కథల సేవట. దాని పేరు ‘వింటున్నారా’. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం లైట్లు వేసే వేళకి ఆ నంబరు దానంతటదే మోగుతుంది. ఎత్తితే రికార్డు చేసిన గొంతు ఒకటి కథ చెబుతుంది. మధ్యలో అక్కడక్కడా ఆగుతుంది. వినేవాళ్ళు సమ్మతి చెబితే కొనసాగుతుంది. సమ్మతి చెప్పిన ప్రతిసారీ ఛార్జీ పడుతుంది. ఎత్తకపోయినా, సమ్మతి చెప్పకపోయినా ఏమీ పడదు.

“సమ్మతి అంటే ఏం చెప్పాలి?” అంది కోడలు.

“అవును అనొచ్చు మేడం, సరే అనొచ్చు. మీ నంబరు నుంచి మాత్రం ఎప్పుడూ ఊఁ అనే వచ్చింది.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కోడలు ముందుకి వంగింది.

“ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కాదండీ. వింటున్నట్టు. కథ చెబుతుంటే ఎవరైనా ఊఁ కొడతారు. ఊఁ కొట్టినందుకు డబ్బు తీసుకుంటారా?”

“నాకు అర్థమవుతోంది మేడం. మా ఇంట్లో కూడా అంతే. కానీ మా సిస్టానికి రెండూ ఒకటే” అంది అవతలావిడ, ముక్కు ఎగబీల్చి. తన మాట అర్థమయిందా అని అడిగింది. కోడలికి ఊఁ అని నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని, అయిందండీ అంది.

అయితే ఎవరు ఎత్తుతున్నారన్నది తేలాలి అన్నాడు ఆమె భర్త. కూతురి వైపు చూస్తూనే అన్నాడు. సమ్మతి రికార్డింగులన్నీ ఉన్నాయనీ, కావాలంటే వినిపిస్తాననీ అవతలావిడ చెప్పింది. వినిపించమన్నాడు. గువ్వ చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఆ పిల్లకి ఏ భయమూ ఉన్నట్టు లేదు.

ముందు గరగరమని చప్పుడు. తర్వాత ఒక మగగొంతు, ఏ భావమూ లేకుండా, బస్సుల రాకపోకలు చదివినట్టు చదువుతోంది. “…ఇంట్లో అందరూ ఉన్నారనే అనుకుని అతను గుమ్మంలో చెప్పులు విప్పాడు…” అని ఆగింది.

“ఊఁ” అని వినిపించింది.

ఎవరూ ఒకరినొకరు అడగక్కర్లేకపోయింది. తలలన్నీ ఒక్కసారే పడగ్గది వైపు తిరిగాయి. తెరిచిన తలుపులోంచి మామగారు కనిపిస్తున్నారు. ఎప్పటిలాగే గోడని చూస్తున్నారు. మోకాళ్ళ మీద చేతులు. పక్కన స్టూలు మీద ఫోను. ఆ ఊఁ ఆయనదే. బస్సులో వెనక సీటు దాకా వినిపించిన ఆ గొంతు కాస్త అరిగింది కానీ, అదే.

కోడలి భర్త డ్రైవింగు నేర్పుతాడు. నేర్చుకునేవాడు బండిని ఎటో తిప్పుతుంటే పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కడం అతని పని. ఇంట్లో కూడా కంగారు పడితే అతని కుడికాలు నేలని తొక్కుతుంది. ఇప్పుడు గట్టిగా తొక్కి పట్టింది. “నాన్న మాట్లాడుతున్నాడే” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

“అందుకే నేను నొక్కలేదన్నాను” అంది గువ్వ. ఎవరూ పట్టించుకోలేదు.

ఆడపడుచు మొహంలో రంగు మారింది. నాలుగు రోజులుగా ఆ గదిలో నిలబడి తను అన్నవన్నీ ఆవిడకి గుర్తొస్తున్నట్టుంది. మనిషిలో మనిషి లేడన్న మాట. పెట్టె సర్దేటప్పుడు, ఈ చొక్కాలన్నీ ఎందుకు, అక్కడ ఆయన్ని ఎవరు చూస్తారు అన్న మాట. కోడలికి మాత్రం గుండె తేలికపడింది. తెలివి ఉన్న మనిషిని ఆయన ఒప్పుకోకుండా ఎవరు తీసుకెళతారు? ఇక ఆ పెట్టె విప్పొచ్చు. ఆమె అప్పుడే లేవబోయింది కూడా.

“రెండోది విన్నారా మేడం?” అంది జలుబు గొంతు.

“రెండోదేమిటి?”

“రెండో శ్రోత. అందుకే మీకు రెండింతలు పడుతోంది. ఒక లైను మీద ఎంతమంది ఊఁ కొడితే అంతమందికీ ఛార్జీ. మీ నంబరు మీద ఇద్దరు శ్రోతలు నమోదయ్యారు. ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. మళ్ళీ వేస్తాను, చివరిదాకా వినండి.”

మళ్ళీ గరగర. మళ్ళీ చెప్పులు విప్పిన మనిషి. మళ్ళీ మామగారి ఊఁ. ఈసారి ఎవరూ కదల్లేదు. ఒక క్షణం ఖాళీ. ఆ ఖాళీలో దూరంగా ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. అప్పుడు, ఆలస్యంగా, చివర కొంచెం పైకి లేస్తూ, ఇంకో ఊఁ.

తడిగుడ్డ కోడలి చేతిలోంచి జారి పాదం మీద పడింది. ఆమె తియ్యలేదు.

ఆ ఇంట్లో అందరికంటే గట్టి మనిషి ఆడపడుచే. ఆవిడే ముందు మాట్లాడింది. పిల్లల ముందు మాట్లాడే గొంతు కాదు అది. “ఇంకోసారి వెయ్యండి” అంది చిన్నగా. అవతలావిడ వేసింది. ఆడపడుచు కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక కూడా తెరవలేదు.

ఆమె తమ్ముడు గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. అది గదిలో శబ్దం తిరిగి రావడమే అన్నాడు. గోడలు ఖాళీగా ఉన్నాయిగా, మొన్న బీరువా తీసేశాంగా అన్నాడు. తిరిగొచ్చిన శబ్దమైతే అదే గొంతు అయ్యుండాలి కదా సార్, మా సిస్టం అలాంటివి ముందే తీసేస్తుంది అని అవతలావిడ మర్యాదగానే చెప్పింది. అయితే ఇంట్లో ఎవరో ఊఁ కొడుతున్నారన్నాడు. ఎవరు? ఆ వేళకి కోడలు దుకాణంలో ఉంటుంది, గువ్వ ట్యూషన్లో ఉంటుంది, అతను ఎవరికో ఎడమవైపు తిరగడం నేర్పుతుంటాడు, ఆడపడుచు వచ్చిన దగ్గర్నుంచి ఆ వేళకి సంరక్షణాలయం పని మీద బయటే ఉంటోంది. పొద్దున వచ్చి ఒళ్ళు తుడిచి వెళ్ళే మనిషి మగవాడు. ఇంట్లో మామగారు ఒక్కరే ఉంటారు. ఒక్కరే ఉంటారని ఇన్నాళ్ళూ అనుకున్నారు.

“తాతయ్యకే రెండు రకాలుగా అనడం వచ్చేమో” అంది గువ్వ. ఆ పిల్ల గొంతు కూడా ఇప్పుడు తగ్గింది. తండ్రి ఆ మాట పట్టుకున్నాడు. అంతే, అదే, నాన్న బస్సులో అందరి గొంతులూ అనుకరించేవాడు, అమ్మ గొంతు రాదా ఏమిటి అన్నాడు. అతని మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. నవ్వబోయాడు కూడా.

అది నిజమైతే బాగుండునని కోడలికీ అనిపించింది. ఒంటరి ముసలాయన తన ఊఁ తనే అని, కాసేపాగి భార్య ఊఁ కూడా తనే అనుకుంటున్నాడంటే గుండె చెరువవుతుంది కానీ భయం వెయ్యదు. ఆమె ఫోను దగ్గరికి వంగి, మొన్న గురువారం సాయంత్రానిది ఉందా అని అడిగింది. ఆ రోజే ఎందుకు అడిగిందో భర్తకి వెంటనే తట్టలేదు. ఆడపడుచుకి తట్టింది. కళ్ళు తెరిచి మరదలి చెయ్యి పట్టుకుంది.

సంరక్షణాలయం వాళ్ళకి డాక్టరు కాగితం కావాలంటే గురువారం మధ్యాహ్నం మామగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆడపడుచు కారులో అందరూ వెళ్ళారు. గువ్వ కూడా బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. తిరిగొచ్చేసరికి బాగా చీకటి పడింది. తాళం కోడలే వేసింది, కోడలే తీసింది. తాళంచెవి ఆమె సంచిలోంచి బయటికి రాలేదు.

“ఉంది మేడం” అంది జలుబు గొంతు. “ఆ రోజు ఫోను మోగగానే ఎత్తలేదు. చాలాసేపు మోగాక ఎత్తారు. శ్రోత ఒక్కరే.”

గరగర. మగగొంతు వేరే కథ ఏదో చదువుతోంది. “…వాళ్ళు తిరిగొస్తారని ఆవిడకి తెలుసు. కాకపోతే ఎప్పుడో తెలియదు…” అని ఆగింది. మామగారి ఊఁ రావాల్సిన చోట ఏమీ రాలేదు. ఆ చోటు దాటిపోయింది. అప్పుడు వచ్చింది, ఆలస్యంగా, చివర లేస్తూ, ఒక్కటే ఊఁ. ఎవరికోసమో చూసి చూసి, సరే తనే అన్నట్టుగా.

తొక్కి పట్టిన బ్రేకు మీద నుంచి అతని కాలు జారింది. నంబరు తీయించేద్దాం అన్నాడు. ఇప్పుడే, ఈ క్షణమే. నాన్నని తీసుకుని మనం కూడా కొన్నాళ్ళు అక్క వాళ్ళింటికి పోదాం అన్నాడు. ఆడపడుచు పడగ్గది గుమ్మం పక్కనున్న పెట్టె వైపు చూస్తోంది, అది తను సర్దిన పెట్టే కాదన్నట్టు.

అవతలావిడకి ఇవేమీ తెలియవు. ఆవిడ పని ఆవిడది. ఫిర్యాదు కొనసాగిస్తే ఇన్నాళ్ళ డబ్బూ వెనక్కి ఇస్తారట. ఇవాళ్టి నుంచే ఆ సేవ ఆగిపోతుంది. ఆ నంబరుకి మళ్ళీ కథ రాదు. ఫిర్యాదు వద్దనుకుంటే, ఇకముందు తగువు రాకుండా, వింటున్నవాళ్ళ సమ్మతి ఇంకోసారి రికార్డు చేసుకోవాలి. ఏం చెయ్యమంటారు మేడం అని అడిగింది.

భర్త చెయ్యి ఊపాడు, ఆపేయమని. కోడలు ఫోను చేతిలోకి తీసుకుంది. పెట్టెని కాలితో కొంచెం పక్కకి జరిపి గదిలోకి వెళ్ళింది. మామగారి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. దగ్గర్నుంచి చూస్తే ఆయన గోడని చూడటం లేదు. గోడకీ ఆయనకీ మధ్య ఉన్న ఖాళీ కుర్చీని చూస్తున్నారు. ఆ కుర్చీ ఎప్పట్నుంచీ అక్కడుందో, ఎవరు తెచ్చి వేశారో ఆమెకి గుర్తు రాలేదు. దాని మీద ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు దిండు నొక్కుకుపోయి ఉంది.

మిగతా వాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, గువ్వ అత్త చెయ్యి పట్టుకుంది. లోపలికి మాత్రం రాలేదు.

కోడలు వాళ్ళ వైపు తిరగలేదు. గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

“మామయ్యగారు ఎక్కడికీ వెళ్ళరు. ఈ ఫోనూ ఎక్కడికీ వెళ్ళదు. రేపట్నుంచి సాయంత్రాలు నేను దుకాణం మానేసి ఇంట్లోనే ఉంటాను. బిల్లు కట్టేద్దాం. ఇద్దరిదీ.”

ఆమె ఫోనుని రెండు చేతులతో ఆయన మొహానికి దగ్గరగా పట్టుకుంది. “మీకు సరేనా మామయ్యగారూ?”

ఆయన కళ్ళు ఖాళీ కుర్చీ మీద నుంచి మెల్లగా కోడలి మీదకి వచ్చాయి. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన ఆమెని చూశారు.

“ఊఁ” అన్నారు.

ఆ తర్వాత అందరూ ఊపిరి బిగబట్టి ఆగారు. ఒక క్షణం గడిచింది. గదిలో ఏ చప్పుడూ లేదు. ఇంకో క్షణం గడిచింది. గువ్వ అత్త చెయ్యి వదిలింది, తండ్రి ఊపిరి వదిలాడు.

ఫోన్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“థాంక్యూ మేడం. ఇద్దరి సమ్మతీ రికార్డయింది.”